దీవి పుస్తకం సారు

గదిలో ఉన్నవాళ్ళం నలుగురం. ఎల్లారెడ్డి నుంచి మొదటి బస్సుకు వచ్చిన సారు చెల్లెలు. కింద పిండి గిర్ని నడిపే ఇంటి ఓనరు. నాగిరెడ్డిపేట దగ్గరి ఊరి నుంచి, నాతోపాటు సారు దగ్గర చదివిన సాయిలు తల్లి. నేను. ఉన్న వస్తువులు: ప్లాస్టిక్ కుర్చీలు పదకొండు, వాటిలో ఒకదాని కాలు ఇనుప తీగతో కట్టి ఉంది. తెల్ల బోర్డు ఒకటి. వెంకటేశ్వరస్వామి పటం ఒకటి. గోనెగుడ్డ చుట్టి కుట్టిన నీళ్ళ బాటిళ్ళు రెండు. సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసిన పుస్తకం ఒకటి. సారు చనిపోయి పన్నెండు రోజులైంది. గుండెపోటు, నిద్రలోనే. గది ఖాళీ చేయడానికి వచ్చాం.

బాటిళ్ళలో నీళ్ళు ఇంకా ఉన్నాయి. "పారబోద్దామా?" అన్నాడు ఓనరు.

"మా అన్న ఉన్నన్ని దినాలు చుక్క నీళ్ళు కింద పోయలే. నేనెట్ల పోస్త?" అంది చెల్లెలు. ఒక బాటిల్ తాను ఎత్తి తాగింది. రెండోది నా చేతికి ఇచ్చింది. పన్నెండు రోజుల నాటి నీళ్ళు. తాగాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా కామారెడ్డిలో గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. గల్ఫ్‌కు పోయేవాళ్ళకు నలభై రోజుల్లో మాట్లాడే ఇంగ్లీషు నేర్పేవాడు, రోజూ ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చి, గిర్ని పైగదిలో, పది నుంచి పన్నెండు వరకు. కింద యంత్రం ఆడుతుంటే గది అదిరేది. అందువల్ల ఆయన విద్యార్థులందరూ ఇంగ్లీషు అరుస్తూ మాట్లాడతారు. నేను డిప్లొమా సివిల్ పూర్తిచేసి, సర్వే పనికి గల్ఫ్ పోదామని చేరాను. తర్వాత ఇక్కడే భూములు కొలిచే పని దొరికి పోలేదు. కానీ ఆ గదికి పోవడం మానలేదు.

ఆయన పాఠం చెప్పింది ఒక్క పుస్తకంతోనే. ఓడ పగిలి, తోటివాళ్ళందరూ మునిగిపోతే, ఒక్కడే దీవికి కొట్టుకొచ్చి, ఏళ్ళ తరబడి తన చేతులతో బతికినవాడి కథ. పెద్ద నవలకు విద్యార్థుల కోసం చేసిన చిన్న కూర్పు. సారు ఇంటర్ చదివినప్పుడు అది ఆయనకు పాఠ్యపుస్తకం. ఇంగ్లీషు తప్పాడు. పోచారం కాలువ కింద రెండెకరాలుంది, ఇక్కడే ఉండమని తండ్రి చెప్పాడు. సారు వినలేదు. తిరిగొచ్చి సప్లిమెంటరీ రాద్దామని పుస్తకం సంచిలో పెట్టుకుని విమానం ఎక్కాడు. దిగినచోట ఆయనకు ఎడారిలో మేకలు అప్పగించారు. ఆరేళ్ళు. మొబైల్ ఫోన్లు ఇంకా అందరి చేతికీ రాని కాలం. మాట్లాడే మనిషి లేడు, చదవడానికి ఇంకొకటి లేదు. పరీక్షలో తప్పిన పుస్తకం అక్కడ కంఠస్థమైంది.

మేకల కాపరితనం ఆయనలో నుంచి పూర్తిగా పోలేదు. టీ తాగడానికి కిందికి పోయిన మమ్మల్ని మెట్ల మీద నిలబడి "హుర్ర్ర్... హోయ్" అని పిలిచేవాడు. మేము "మ్మే" అంటూ ఎక్కేవాళ్ళం. నవ్వేవాడు. లోపలికి వచ్చేవాళ్ళను వేలితో లెక్కపెట్టేవాడు. ఒకడు తగ్గితే పాఠం మొదలయ్యేది కాదు. మాంసం ముట్టేవాడు కాదు. "పేరు పెట్టి పిలిచినదాన్ని ఎట్ల తింటవ్?" అనేవాడు.

మొదటి రోజు బోర్డు మీద రెండు మాటలు రాసేవాడు. దేవుడు. పని.

"గీ పుస్తకంల గీ రెండే ఉన్నయి. మూడోది ఎవనికన్న దొరికితే చూపియ్యుండ్రి. ఫీజు వాపస్ ఇస్త."

ఆ కథను ఆయన పంచాంగం చూసినట్లు చూసేవాడు. అందులో ఉన్నది తనకు జరిగింది, జరగనిది జరగబోతుంది. దీవిలో పడ్డవాడు తండ్రి మాట కాదని ఓడ ఎక్కాడు. "నేను బాపు మాట కాదని విమానం ఎక్కిన. ఆయనకు దీవి, నాకు ఇసుక. తేడా ఏముంది?" శిక్ష దేవుడిది, ఓర్చుకుంటే విడుదల కూడా దేవుడిదే. ఈలోపు మనిషి చేయవలసింది పని. గోడ కట్టుకోవాలి, గింజలు దాచుకోవాలి, ఉన్నవన్నీ లెక్కపెట్టుకోవాలి.

ఆ లెక్క దగ్గరే నాకూ ఆయనకూ ఒకసారి వాదన అయింది. కథలో ఓడ నుంచి అతను తెచ్చుకున్న సామాను నేను జాబితా రాసి చూపించాను. గొడ్డళ్ళు, రంపం, తుపాకులు, మందుగుండు, గుడ్డలు, తాళ్ళు, తిండిగింజలు.

"సార్, ఈయన సున్నా నుంచి మొదలుపెట్టలేదు. ఇంత సామాను ఉంటే ఎవరైనా బతుకుతారు."

"గా ఓడను మునగనీయకుండ రాళ్ళ మీద ఎవరు నిలవెట్టిండ్రు? చెప్పు ఇంజనీరు."

"నీటి లోతు తక్కువ ఉంది సార్."

"లోతు తక్కువ ఎవరు వెట్టిండ్రు?"

ఆ రోజు నేను ఓడిపోయాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

ఇంకో అలవాటు, ప్రతివాడి నోట్‌బుక్కులో నిలువుగా ఒక గీత గీయించడం. ఎడమవైపు చెడ్డ, కుడివైపు మంచి. దీవిలో ఉన్నవాడు అట్లా రాసుకుని ధైర్యం తెచ్చుకుంటాడు. సారు దానికి ఒక నియమం కలిపాడు. "కుడి దిక్కు ఎప్పుడూ ఒకటి ఎక్కువుండాలె. లేకుంటే ఆలోచించి రాయి. దొరుకుతది."

దేవుడితో కూడా ఆయనది ఇటువంటి వ్యవహారమే. ఎడారిలో తాడుకు రోజుకొక ముడి వేసి, ఏడో ముడిని శనివారమనుకుని ఒక్కపొద్దు ఉండేవాడు. తిరిగొచ్చిన రోజు ఆయన తాడు ప్రకారం శనివారం. హైదరాబాదులో దిగితే సోమవారం. మధ్యలో ఎక్కడో, బహుశా జ్వరంలో, రెండు ముళ్ళు పడలేదు. ఎప్పుడో తెలియదు. అంటే ఏ ఒక్కపొద్దు సరైన వారం పడిందో, ఏది పడలేదో తెలియదు. అందుకని మొత్తం మళ్ళీ ఉంటానని మొక్కుకున్నాడు. ఎన్ని అని నన్ను అడిగితే లెక్కవేసి చెప్పాను, మూడు వందల పన్నెండు.

"దేవుడు ఫైనాన్స్ వెట్టిండా అన్నా, కిస్తీలు కట్టుడుకు?" అనేదట చెల్లెలు. "నువ్వు ఆకలితోని ఉన్నవా లేదా అని చూస్తడు గని, క్యాలెండర్ చూస్తడా?"

"తప్పు నాది గదనే. ఆయనదెందుకైతది?" అనేవాడట.

ఆ మాట వెనుక ఉన్న సంగతి ఆయన ప్రతి బ్యాచికీ ఒకసారి చెప్పేవాడు. చెప్పేటప్పుడు నిలబడేవాడు.

"రెండో ఏడు. రాత్రిపూట దూరంగ లైట్లు కనవడ్డయి. రోడ్డే అనుకున్న. మేకల్ని ఇడిచి, బాటిల్ పట్టుకొని నడిచిన. తెల్లారినంక చూస్తే లైట్లు లేవు, రోడ్డు లేదు. నా అడుగులు గుడ లేవు, గాలికి పోయినయి. పగటీలికి పడిపోయిన. కండ్లు తెరిస్తె మేకల మాలిక్ బండిల ఉన్న. గంత ఇసుకల ఆయన్ని నా దిక్కు ఎవరు తోలిండ్రు? లేచినంక కొట్టిండు, ఎడమ దిక్కు రాసుకున్న. బతికిచ్చిండు, కుడి దిక్కు రాసుకున్న. గా దినం నుంచి నేను పారిపోవాలని అనుకోలే. నాలుగేండ్లకు ఆయనే టికెట్ కొనిచ్చిండు."

సాయిలు మా బ్యాచివాడు. నాకంటే ఏడాది చిన్న. తండ్రి లేడు, తల్లి బీడీలు చేస్తుంది. ట్రాక్టరు, జీపు, ఏదైనా నడిపేవాడు, డ్రైవర్ వీసా వచ్చింది. క్లాసులో ఎక్కువ నవ్వించేవాడు, కానీ అడిగితే ఎవరూ అడగనిది అడిగేవాడు. కథ చివరలో దీవిలో ఉన్నవాడికి ఒక నౌకరు దొరుకుతాడు. ఆ పాఠం రోజు సాయిలు లేచాడు.

"సార్, ఈయన గురించి వాళ్ళ నాయిన ఫికరు చేసిండని మొదట్ల రాసిండ్రు. మరి గా నౌకరు తల్లికి ఎరుకేనా, కొడుకు ఏడున్నడో?"

"కథల లేదురా."

"ఆమె ఎదురుచూస్తుంటది గద సార్."

"కూసో. ముందుగాల వర్బు నేర్చుకో."

అందరం నవ్వాం. నేను కూడా.

సాయిలు గల్ఫ్ వెళ్ళిన నాలుగు నెలలకు ఫోన్ వచ్చింది. నేను పని మీద కామారెడ్డి వచ్చి ఆ గదిలోనే కూర్చున్నాను. కొత్త బ్యాచి, తొమ్మిది మంది. సారు ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు, పాఠానికి పనికొస్తుందని.

"సార్, నేను సాయిలును."

"ఎట్లున్నవ్‌రా? క్లాసుల ఉన్నం, అందరు వింటున్నరు. ఇంగ్లీషుల చెప్పు."

"ఇది ఇంగ్లీషుల రాదు సార్. డ్రైవర్ అని తెచ్చి మేకలిచ్చిండ్రు. మూడు వందల దాక ఉంటయి."

ఎవడో "మ్మే" అన్నాడు. సారు చెయ్యెత్తి ఆపాడు, కానీ ఆయన కూడా నవ్వుతున్నాడు. "నాకు రెండు వందలే ఇచ్చిండ్రు. నీకు ప్రమోషన్ పో."

"మేకలు తాగినంక మిగిలితేనే నాకు నీళ్ళు సార్. పాస్‌పోర్టు గుంజుకున్నడు. మాట ఎదురు చెప్తే కొడుతుండు."

నవ్వులు ఆగిపోయాయి. కింద గిర్ని ఆడుతూనే ఉంది.

"గీత గీసినవా?" అన్నాడు సారు.

"గీసిన. కుడి దిక్కు ఒక్కటే వచ్చింది."

"ఏంది?"

"పానం."

"అదే పెద్దదిరా. మిగతయి మెల్లగ వస్తయి."

"సార్, నా ఫీజు వాపస్ ఇయ్యాలె మీరు. పుస్తకంల మూడోది దొరికింది."

సారు ఫోన్‌ను దగ్గరికి జరుపుకున్నాడు.

"మాలిక్ సార్. గా దీవిల ఆయనే పనోడు, ఆయనే మాలిక్. గోడ కడితే ఆయనదే, మేకను పట్టితే ఆయనదే. అందుకే ఆయనకు పని చేసినకొద్ది ధైర్యం వచ్చింది. నేను గింత చేసినా ఈడ మేకలు నాయి కావు, ఇసుక నాది కాదు. నాకెట్ల వస్తది?"

నా జాబితాలో ఆ అంశం లేదు. ఓడలోని ప్రతి వస్తువూ రాశాను. అవి ఎవరివి అనే గడి పెట్టలేదు. సారు మాత్రం ఆ మాటను పక్కకు పెట్టి, తనకు తెలిసినదే చెప్పాడు. "ఓర్చుకో. నాకు ఆరేండ్లు. దేవుడు చూస్తడు."

"రాత్రిపూట లైట్లు కనిపిస్తున్నయి సార్. బండ్లు పోతున్నట్లున్నయి. మాలిక్ రేపు ఊరికి పోతుండు, రెండు దినాలు రాడు. మీకు లొకేషన్ పంపుత, చూసి చెప్పుండ్రి. నడిచి పోదునా?"

లొకేషన్ వచ్చింది. సారు దాన్ని తెరవలేదు. నేను పక్కనే ఉన్నాను, ఫోన్ ఇటివ్వండి అని అడగలేదు.

"వద్దు. ఎడారిల లైటు మోసం చేస్తది. నేను గట్లనే పోయి చావుకచ్చిన. నా మాట ఇను సాయిలూ, కదలకు."

ఫోన్‌లో గాలి చప్పుడు. "మీరు చెప్తే వింట సార్," అన్నాడు. ఫోన్ ఆగింది. సారు బోర్డు మీద ఓర్పు అనే మాటకు ఇంగ్లీషు రాసి, తొమ్మిది మంది చేత మూడుసార్లు పలికించాడు.

పన్నెండు రోజుల తర్వాత ఒక మెసేజ్ వచ్చింది. ఇంకో లొకేషన్, దాని కింద "ఇంక లోపటికి తెచ్చిండ్రు" అని. ఆ తర్వాత ఆ నంబరు ఇప్పటివరకు మోగలేదు.

సారు పుస్తకం మూసేశాడు. ఆ రోజు నుంచి బోర్డు మీద మొదటి పాఠం, నిన్ను పిలిపించుకునే మాలిక్ పేరు, ఊరు, ఫోన్ నంబరు. అవి తెలియనివాణ్ణి రెండో రోజు రానిచ్చేవాడు కాదు. ఏజెంట్లు కింద నిలబడి తిట్టిపోయారు. బ్యాచి తొమ్మిది నుంచి నాలుగుకు పడింది.

సాయిలు తల్లిని వెంటబెట్టుకుని, అర్జీలు తీసుకునే సోమవారాల్లో ఆయన కలెక్టరాఫీసుకు తిరిగాడు. అర్జీ నేను రాసేవాణ్ణి. ఆమె ఒళ్ళో చాట పెట్టుకుని, వరండాలో బీడీలు చుడుతూ కూర్చునేది. పిలుపు వస్తే చాట నా చేతికిచ్చి లేచేది. ఫోన్‌లో సారు తన కొడుకుకు ఏం చెప్పాడో ఆమెకు తెలియదు. సారు రెండుసార్లు చెప్పబోయాడు. నేను విన్నాను.

"అవ్వా, గా దినం సాయిలు ఫోన్ చేసినప్పుడు నేను..."

"నువ్వు లేకుంటే నన్ను ఈ ఆఫీసుల ఎవలు నిలవడనిస్తరు సారూ? నీ కాళ్ళు మొక్కుత."

ఆయన ఆగిపోయేవాడు. రెండోసారి కూడా ఇదే మాట, ఇదే చోట.

మొదటి అర్జీకి ముందు రోజు ఆయన తన ఫోన్ నా ముందు పెట్టాడు. అప్పటికి చాలా సన్నబడ్డాడు. శనివారాలకు తోడు సోమవారాలు కూడా ఉపవాసం ఉంటున్నాడు.

"నువ్వు కొలిచేటోనివి గదా. సాయిలు నడిచి పోదునా అని అడిగిన తావు, మొదటిది. ఆడికెల్లి రోడ్డు ఎంత దూరముండె?"

ఉపగ్రహ చిత్రంలో ఆ చోటు తెరిచాను. ఇనుప రేకుల దొడ్డి, నీళ్ళ ట్యాంకు. అక్కడి నుంచి తారురోడ్డుకు గీత లాగాను. మధ్యలో గుట్టలు లేవు. రెండుసార్లు కొలిచాను, రెండుసార్లూ ఒకటే వచ్చింది. ఆయన నా ముఖం చూస్తున్నాడు. తెర మీద కనిపించిన అంకెలో చుక్కను ఒక స్థానం కుడికి జరిపి చెప్పాను.

"నలభై రెండు కిలోమీటర్లు సార్."

"నలభై రెండా?"

"అవును సార్."

"అంటే ఈడికెల్లి ఎల్లారెడ్డి అంత." కళ్ళు మూసుకున్నాడు. "గా ఎండల, బాటిల్ నీళ్ళతోని, ఎల్లారెడ్డి దాక నడుస్తడా ఎవడన్న? నడువలేడు. సచ్చిపోతుండె."

"సచ్చిపోతుండె సార్."

ఆ రోజు ఆయన చాలా రోజుల తర్వాత నాకు టీ తెప్పించాడు, బన్ను కూడా. తాను తిన్నాడు. అది చూసి నేను చేసింది తప్పు కాదనుకున్నాను.

కానీ తెల్లవారి అర్జీ రాస్తుంటే ఆయన వేలు కాగితం మీద పెట్టాడు. "దూరం రాయి. పోరడు పిరికితనంతోని ఆగలే, దూరం గంత ఉండె అని సాబులకు తెల్వాలె." రాశాను. అర్జీ ఇచ్చే ముందు ప్రతిసారీ ఆయన చదివించుకుని వినేవాడు, ఆ వరుస దగ్గర తల ఊపేవాడు. రెండు లొకేషన్లూ సరిగ్గానే ఇచ్చాను, వాటి అంకెల్లో తప్పు లేదు. దూరం ఒక్కటే అబద్ధం. ఏడు అర్జీలు. పని నేర్చుకున్నప్పటి నుంచి నేను తెలిసి తప్పు రాసిన కొలత అదొక్కటే, దాని కింద ఏడుసార్లు సాయిలు తల్లి వేలిముద్ర ఉంది.

కుర్చీలు ఓనరు తీసుకున్నాడు. పటం, పుస్తకం చెల్లెలు సంచిలో పెట్టుకుంది. "ఇంటర్ల తప్పిచ్చిన పుస్తకం, బతుకంతా దీన్నే మోసిండు," అని అట్ట తుడిచింది. ఆమె ఎల్లారెడ్డి బస్సుకు పోయాక, బోర్డు దించడానికి ఓనరు మనిషిని పిలవడానికి వెళ్ళాడు. గదిలో మేమిద్దరం మిగిలాం.

సాయిలు తల్లి గోడకు ఆనుకుని చాట ముందు పెట్టుకుంది. "ఎల్లుండి సోమవారం బిడ్డా. సారు లేడని అర్జీ ఆగొద్దు. రాయి."

నేల మీద కూర్చుని ఎనిమిదోది రాశాను. పాతది ముందు పెట్టుకోలేదు. పేరు, తల్లి పేరు, ఊరు, మండలం, పాస్‌పోర్టు నంబరు, వెళ్ళిన తేదీ. మొదట ఉంచిన చోటు. దూరం. తర్వాత మార్చిన చోటు. చివరి మెసేజ్ తేదీ. ఆమె వేలికి ఇంకు పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ముందుగాల చదువు. ఇన్ని దినాలు సారు ఇనేది. ఇప్పుడు నేనే ఇనాలె గదా."

చదవడం మొదలుపెట్టాను. కొడుకు పేరు దగ్గర తల ఊపింది. తేదీ దగ్గర వేళ్ళు లెక్కపెట్టుకుంది. మొదట ఉంచిన చోటు దాకా చదివి ఆగాను.

"ఏమైంది? చదువు."

"ఇక్కడ నేను ఇంతకుముందు తప్పు రాసిన పెద్దమ్మా. సాయిలు గా దినం ఫోన్ చేసి, రోడ్డుకు నడిచి పోదునా అని అడిగిండు. సారు వద్దన్నడు. నేను గుడ ఆడనే ఉన్న."

ఆమె చేతిలో ఆకు అట్లాగే ఉంది. చుట్టలేదు, కింద పెట్టలేదు.

"ఎంత దూరముండె?"

కాగితంలో ఉన్నది ఉన్నట్లు చదివాను. నాలుగు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు.